తొక్కు కుండలో జలగలు

ఆలేరు దగ్గరి ఆ ఊళ్లో ఎవరికి సెగగడ్డ లేచినా పుల్లమ్మను పిలుస్తారు. ఆమె దగ్గర ఐదు జలగలున్నాయి. గడ్డ మీద వాటిని పట్టించి చెడు రక్తం లాగిస్తుంది. బదులుగా పోసే జొన్నలతోనే ఆ ఒంటరి మనిషికి పూట గడుస్తుంది.

1948 సెప్టెంబరులో నిజాం మీదికి యూనియన్ మిలిటరీ లారీలు వచ్చిన పొద్దున జనం ఇళ్లలోకి పరుగెత్తారు. ఆ తోపులాటలో అరుగు మీది జలగల బాన పగిలింది. కొత్తది లేదు. పొగ కనిపిస్తే సిపాయిలు వస్తున్నారని కుమ్మరి కుండలు కాల్చే ఆవం ముట్టించడం మానేశాడు. పుల్లమ్మ పచ్చడి పెట్టే పాత తొక్కు కుండను మూడుసార్లు కడిగి, జలగలను అందులో వేసింది.

ఏళ్ల తరబడి తొక్కు ఉప్పును తాగిన మట్టి అది. మర్నాటికి జలగలు జిగురు కక్కి ముడుచుకుపోయాయి. కొత్తవి పట్టుకుందామంటే కుంట గట్టంతా మిలిటరీ డేరాలు.

వాటిని వంటకుండలోకి మార్చి, అడుగున రేగడి ముద్ద వేసి, పైన తడిగుడ్డ కప్పింది. కుదురుగా కూర్చోలేకపోయింది. గుడ్డ ఎత్తి చూడటం, వేలితో కదిలించడం, జిగురు తేలితే నీళ్లు పారబోసి బావికి నడవడం. రోజుకు నాలుగు కడవలు. వంటకుండ అదొక్కటే కావడంతో, ఒక పూట జొన్న గటక పక్కింటి బిక్షమ్మ పెట్టేది.

"కుండ జలగలకిచ్చి నువ్ పస్తుంటవా అక్కా?"

"ఒక్క పూట తినకుంటె నేను సావ. అయ్యి సస్తె రోజూ పస్తే."

ఏడో రోజు, కమ్యూనిస్టు సంఘం వాళ్లను వెతుకుతూ పోలీసు పటేలు కాటమయ్య ఒక హవల్దారును వెంటబెట్టుకొచ్చాడు.

"ఒక్క పాణానికి నాలుగు కడవలెందుకే? సంగపోల్లను గిట్ల దాచినవా?"

"దాచిన. ఐదుగురున్నరు. పిలిస్తె రారు, నువ్వే లోపలికొచ్చి చూడు పటేలా."

కాటమయ్య ముఖం మాడింది. ఐదుగురంటే జలగలేనని అతనికి తెలుసు; ఆ మాటను హవల్దారుకు ఉర్దూలో చెప్పి నవ్వులపాలయ్యే ధైర్యం చేయలేదు. హవల్దారు ఇల్లంతా వెతికి, చివరికి కుండను బోర్లించాడు. నీళ్లతో పాటు జలగలు నేల మీద పడ్డాయి. అతను రెండడుగులు వెనక్కి వేశాడు.

పుల్లమ్మ కింద కూర్చుని జలగలను ఒక్కొక్కటే ఎత్తి ముంజేతి మీద పెట్టుకుంది. కోలుకున్నదైతే పట్టుకుంటుంది. మొదటిది పట్టింది. తర్వాత ఇంకో రెండు. మిగతావి రెండూ జారి పడ్డాయి.

"గీ మూడు నన్ను పట్టుకున్నయ్, నేను లేవరాదు. గా రెండు ఎండుతున్నయ్. పారబోసింది మీరే. జర కడవెడు నీళ్లు తే పటేలా."

కాటమయ్య హవల్దారు వైపు చూశాడు. చేతి మీద ఉబ్బుతున్న జలగల నుంచి చూపు తిప్పకుండానే, మాట తెలియకపోయినా సంగతి అర్థమైన హవల్దారు, తెమ్మన్నట్టు కడవను చూపించాడు.

పటేలు కడవ పట్టుకుని బావికి పోవడం వాడకట్టంతా తలుపుల సందుల్లోంచి చూసింది. ఆ నీళ్లలో ఒకటి సాయంత్రానికి కదిలింది. రెండోది కదలలేదు. దాన్ని పెరట్లో పారేసి, మిగతా మూడూ తాగిన రక్తాన్ని పిండేసి, మర్నాడు నాలుగు జలగలతో పుల్లమ్మ గడ్డ లేచిన వాళ్లింటికి బయల్దేరింది.