బాపు తిప్పిన ప్రోటీన్

సీటొచ్చింది! హైదరాబాద్‌లో పీహెచ్‌డీ సీటు, స్టైపెండ్‌తో సహా, నాకే! మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. ఈ ఇంటర్వ్యూ పోతే చదువు ఆపేసి ఏదో ప్రైవేటు బడిలో చేరిపోవాల్సిందే అనుకున్నాను.

పోయేదే కూడా. ఆ రోజు జనగామ హాస్టల్ గదిలో కూర్చుని, మిర్చికి ఆకుముడత తెచ్చే వైరస్‌లోని ఒక ప్రోటీన్ త్రీడీ బొమ్మను ఆన్‌లైన్‌లో సార్లకు చూపిస్తున్నాను. మహదేవపూర్‌లో ఉండే నా దోస్తూ నేనూ ఎవరి ఊళ్లో వాళ్లముండి ఒకే వెబ్ పేజీలో తయారుచేసిన బొమ్మ అది. లింకు ఉన్నవాళ్లెవరైనా వేలితో తిప్పొచ్చు. ఒకరు తిప్పితే అందరి తెరల మీదా తిరుగుతుంది. ముందు రోజే ఆ లింకును గొప్పగా ఇంటి గ్రూపులో పెట్టాను. చూడ్డానికి మాత్రమే పనికొచ్చే లింకు వేరే ఉందన్న సంగతే మరిచాను.

నేను ముందు వైపు గురించి చెబుతుండగానే బొమ్మ గిర్రున వెనక్కి తిరిగింది.

"ఎవరమ్మా తిప్పుతున్నది?" అన్నారు పెద్ద సార్.

తెర మూలన మా నాన్న పేరు కనిపించింది. "మా బాపు సార్. మానుకోట మార్కెట్ల సేటు తరఫున మిర్చి కొంటడు." కంగారులో ఇంటి మాటే వచ్చేసింది.

ఎవరో నవ్వారు. పెద్ద సార్ నవ్వలేదు. "సరే, తిప్పారుగా. వెనక రంగు వేసిన ఆ గుంట ఏమిటి?"

మందు అణువు అందులో కూర్చోవచ్చని మా అనుమానం. రుజువు లేదని ఆ వైపు చూపించొద్దనుకున్నాను. ఇంక దాచేదేముంది? ఉన్నదున్నట్టు చెప్పాను. ఎలా రుజువు చేస్తావన్నారు, అదీ చెప్పాను. మిగతా ఇంటర్వ్యూ అంతా ఆ గుంట చుట్టూనే నడిచింది.

ఇవాళ కబురు రాగానే మొదటి ఫోన్ బాపుకే.

"గట్లెందుకు తిప్పినవ్ బాపూ? నా పానం పోయింది!"

"బస్తా మీద ఎప్పుడూ మంచి కాయనే పోస్తరు బిడ్డా. అడుగుకెల్లి తీసి చూడకుంట బేరం జేస్తమా?"

"గది బస్తా కాదు, ప్రోటీను!"

"ఏదైతేంది, సీటచ్చింది గద! ఆగు, సేటుకు జూపెడుతున్న. సేటూ, గిది నా బిడ్డ జేసింది. తిప్పు, ఏం గాదు, తిప్పు!"

నా లాప్‌టాప్‌లో బొమ్మ మళ్లీ తిరగడం మొదలైంది. తిరగనీ.

ఇంకా ఫోన్ చేయాల్సినవాళ్లు: మహదేవపూర్ దోస్తు, సిగ్నల్ కోసం మిద్దెక్కమని ముందు మెసేజ్ పెట్టాలి. భూపాలపల్లి మేనమామ, గనిలో షిఫ్టు దిగాక. తొర్రూరు మేనత్త, చెప్పకముందే ఏడుస్తుంది. బడిలో సైన్స్ చెప్పిన టీచరమ్మ. జఫర్‌గఢ్ అమ్మమ్మ, గట్టిగా అరిచి చెప్పాలి.