మేకలతో సహా హాజరు

పెద్దసారు పోయారని మా యాడి ఫోన్ చేసింది. మా సుగాలీ తండాలో అమ్మని యాడి అంటాం. చెప్పి, ఏడ్చి, ముక్కు చీదుకుని, ఆ గుక్కలోనే ఒక ఆటోలో ఎంతమంది పడతారని అడిగింది. నరసరావుపేటలో సారింటికి ఎంతమంది వస్తున్నారే అన్నాను. తండా అంతా అంది. మేం ఆటోల్లోంచి దిగుతూనే ఉంటే సారు వాళ్ళబ్బాయి గుమ్మంలో బిత్తరపోయి నిలబడ్డాడు. వాళ్ళ నాన్నకి ఇంతమంది చుట్టాలున్నారని ఆయనకి తెలియదు పాపం.

బొల్లాపల్లి మండలంలో మా తండాకీ పక్క ఊరికీ మధ్య ఒక సర్కారు బడి ఉంది. దానికి ఆయన హెడ్మాస్టరు. కింద ఇంకో సారు ఉండేవాడు, ఆయన చిన్నసారు. పెద్దసారు మొదటిసారి తండాకి వచ్చినప్పుడు తలమీద హెల్మెట్ ఉంది. ఆ రోజుల్లో మా వైపు హెల్మెట్ పెట్టుకున్న మనిషంటే కరెంటాఫీసు మనిషే. మావాళ్ళు తీగలకి తగిలించిన కొక్కేలన్నీ పీకేసి, తలుపులు బిగించి కూర్చున్నారు. మూసిన తలుపుల ముందు నిలబడి పిల్లల్ని బడికి పంపండయ్యా అని సారు అరుస్తుంటే, మాకసలు కరెంటే లేదు పొమ్మని మా నాయనమ్మ లోపల్నించి అరిచింది. అసలు సంగతి తెలిశాక కూడా తండాకి వస్తే ఆయన హెల్మెట్ తీసేవారు కాదు. కుక్కలు కరిచేది కాళ్ళు గదా సారూ అంటే, మీ నాయనమ్మ చీపురు విసిరేది తలకే గదే అనేవారు.

నేను బడికి రాకపోవడానికి కారణం మేకలు. మీరు నవ్వుతారేమో గానీ మా ఇంట్లో అది పెద్ద సమస్య. యాడీ నాన్నా మిరప కోతలకి పోతే మేకల్నీ, చంకలో తమ్ముణ్ణీ చూసుకోవాల్సింది నేనే. సారు అంతా విని గడ్డం గోక్కున్నారు.

"పిల్ల బడికి రావాల. పిల్లెంట ఏమొస్తదో అది మనం చూసుకుందాం" అన్నారు మా నాన్నతో.

మర్నాటి నుంచి బడి ఆవరణలో మేకలు, వరండాలో తమ్ముడు, తరగతిలో నేను. చిన్నసారు తల పట్టుకున్నాడు. ఊళ్ళో పెద్దరైతు ఒకాయన వచ్చి, మావాడు మేక కంపు కొడుతున్నాడు, ఇది బడా దొడ్డా అని కేకలేశాడు. సారు ఆయనకి కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, ఈ మేకల ఎరువు ఎవరి చేనికి పంపాలో తేల్చుకోలేకపోతున్నా బాబాయ్, మీ మిరపకైతే తట్ట పంపండి అన్నారు. ఎరువు కోసం చేలో ఒక్క రాత్రి మేకల మంద కట్టించుకోవడానికి బతిమాలుకునే ఊరు మాది. ఆ పూట నుంచి ఆయనకి కంపు తగల్లేదు. పైగా బడికి సెలవులిస్తే బాధపడేవాడు.

మాకు తెలుగు సరిగా వచ్చేది కాదు. ఊరి పిల్లలు నవ్వేవాళ్ళు. అది చూసి సారు మా లంబాడీ మాటలు నేర్చుకోవడం మొదలుపెట్టారు. అమ్మో, ఆయన మాట్లాడుతుంటే మేకలు కూడా మేత ఆపి చూసేవి. మేం పడీ పడీ నవ్వేవాళ్ళం.

"నన్ను చూసి ఎంతన్నా నవ్వండ్రా. మీ తెలుగు చూసి ఎవడన్నా నవ్వితే మాత్రం నాకు చెప్పండి" అనేవారు.

ఇంతలో పిడుగులాంటి కబురు. పిల్లలు తక్కువున్న బళ్ళని పెద్ద బడిలో కలిపేస్తారట, మా బడిని చూడ్డానికి ఆఫీసరు వస్తున్నారట. పెద్ద బడికి పోవాలంటే బస్సెక్కాలి. బస్సులో మేకల్ని ఎక్కించుకోరు గనక నీ చదువు ఇక్కడితో సరి అని నాన్న ఒక్క ముక్కలో తేల్చేశాడు. నాకు ఆ పూట అన్నం సయించలేదు.

పెద్దసారుకీ భయం పట్టుకుంది. భయంలో ఎంతటివాడైనా తప్పు చేస్తాడు. చిన్నసారు నూరిపోస్తే విని, రేపు ఆఫీసరొస్తారు, ఒక్కరోజు మేకల్ని ఇంటికాడ వదిలేసి రమ్మన్నారు నన్ను. ఇంటికాడ వాటిని కాసేది నేనే గదా! వాటితోపాటు నేనూ ఆగిపోయాను.

పొద్దున హాజరు పిలుస్తూ నా పేరు దగ్గర ఆగారట. అలాగే లేచి బండి తీశారు. తండాలో నా ముందు నిలబడి హెల్మెట్ తీశారు.

"మేకలొద్దంటే నిన్నే వద్దన్నట్టని నాకు తట్టలేదమ్మా" అన్నారు.

తమ్ముణ్ణి బండి ముందు నిలబెట్టుకుని, నన్ను వెనక కూర్చోబెట్టుకుని, మేకల్ని ముందు తోలుకుంటూ బయల్దేరారు. ఆ దారి సన్నం. సగం దూరం పోయేసరికి వెనక జీపు హారను మోగింది. ఆఫీసరుగారు. మేకలకి ఆఫీసరైతేనేం, ఇంకొకరైతేనేం? బడి దాకా జీపు మా వెనకే ఊరేగింది.

బళ్ళో ఆఫీసరు మెడలో బంతిపూల దండ వేశారు. ఆయన తీసి బల్లమీద పెట్టారు. మా నల్లమేక తినేసింది. మేకలక్కూడా మధ్యాహ్న భోజనం పెడుతున్నారా మాస్టారూ అని ఆఫీసరు ఉరిమితే, ఈ పూటకి మీ దండేనండీ అన్నారు సారు. చిన్నసారు గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

చివరికి మా బడిని కలపలేదు. ఆఫీసరు పైకి ఏం రాశారో నాకు తెలియదు. ఆ బడి ఉండబట్టే నేను చదువుకున్నాను, ఇవాళ ఎడ్లపాడు వైపు ఒక బడిలో పాఠాలు చెబుతున్నాను. నరసరావుపేటలో సారు ముందు నిలబడి ఏడుస్తూ నేను తలుచుకున్నది మాత్రం ఆ మధ్యాహ్నాన్నే.

ఆఫీసరు బయల్దేరబోతే మేకలన్నీ జీపు కింద నీడకి చేరి పడుకున్నాయి. డ్రైవరు ఎంత అదిలించినా కదల్లేదు. అవి నా మాటే వింటాయి. నేను లోపల నా వంతు పాఠం వేలు పెట్టి కూడబలుక్కుంటున్నాను. ఆ పిల్లని పిలవండి అన్నారు ఆఫీసరు. పెద్దసారు గుమ్మానికి అడ్డంగా నిలబడి, చేతులు కట్టుకుని, చానా వినయంగా చెప్పారు.

"పిల్ల చదువుకుంటందండీ. అయ్యాక వస్తది."

ఆఫీసరు ఎండలో నిలబడ్డారు. నాకోసం. నేను ఆఖరి ముక్క కూడా చదివేసి లేవబోయాను. సారు వెనక్కి తిరక్కుండానే అన్నారు.

"కూర్చో. తర్వాత పాఠం కూడా చదువు."