మరియమ్మ చూసింది

నిజాం రాజ్యం కూలిన ఏడు, పాలమూరు పోయే రైల్లో, ఆడోళ్ల డబ్బాలో నా ఎదురుగా బురఖా వేసుకున్న ఒక పెద్దామె కూర్చున్నది. షాద్‌నగర్ దాటినంక ముఖం మీది పరదా తీసి, నా మెడలోని సిలువను చూసింది.

"కిరస్తానీవా బిడ్డా? మీ కితాబుల మరియమ్మ ఉన్నది గదా?"

"ఉన్నదమ్మా. మీకు గూడ ఉన్నదా?"

"ఎందుకు లేదు? ఆమె కొడుకు ఈసా, మీ ఏసు, మాకు గూడ దేవుడు పంపిన మసీహే. మళ్లొస్తడని మా మౌల్వీసాబు చెప్తడు."

"మాక్కూడా మళ్లొస్తడు," అన్న సంతోషంగా. మిషన్ బడిలో పంతులమ్మను, ఇట్లాంటి ముచ్చట్లంటే నాకు ఇష్టం. "కాకపోతే మా గ్రంథంలో ఆయన్ను సిలువకు కొట్టి చంపిన్రు. తల్లి అక్కడనే నిలబడి చూసింది."

ఆమె ముఖం మారిపోయింది.

"మా కితాబుల గట్ల లేదు బిడ్డా. ఈసాను వాళ్లు చంపలేకపోయిన్రు. అల్లా పైకి తీస్కున్నడు." కిటికీ దిక్కు తిరిగి అన్నది. "మొన్నటి గడబిడల నా కొడుకును ఇంటి ముంగటనే నరికిన్రు. నేను దర్వాజ కాడ నిలబడి ఉన్న. మా మరియమ్మకు గా గోస లేదు."

జడ్చర్లలో ఆమె దిగుతుంటే చేయి పట్టుకున్న, అంతే.

ఇప్పటికీ గుడ్ ఫ్రైడే నాడు చర్చిలో వాక్యం చదువుతుంటే, తల్లి సిలువ దగ్గర నిలబడ్డ మాట వచ్చేసరికి తల వంచుకుంట. ఆ ఒక్క మాట మట్టుకు వాళ్ల కితాబే నిజమైతే బాగుండునని అనిపిస్తది.