కింద పెట్టిన గహ్వా

ఆ శుక్రవారం నేను సేవ చెయ్యాలని వెళ్ళలేదు, ముందే ఒప్పేసుకుంటున్నాను. ఆరు రోజుల డ్యూటీతో ఒళ్ళు హూనమైపోయి, ఏడో రోజున బట్టలుతుక్కుని, ఇంత చేపల పులుసు పెట్టుకుని పడుకుందామనుకున్నదాన్ని. మా హెడ్ నర్సు వచ్చి, "ఎడారిలో మెడికల్ క్యాంపుకి వాలంటీర్ల లిస్టులో నీ పేరు రాశాను, సర్టిఫికెట్ కూడా ఇస్తారు" అంది. సర్టిఫికెట్ ఏం చేసుకోను, నా మొహం! అయినా సరేనన్నాను. సౌదీకి, నజ్రాన్‌లో ఈ ఆస్పత్రికొచ్చి తొమ్మిదేళ్ళయింది, కాదనడం మాత్రం ఇప్పటికీ చేతకాలేదు నాకు.

వ్యాన్‌లో రెండు గంటల ప్రయాణం. ఖర్జూరం తోటలు దాటాక ఉత్త ఇసుకా రాళ్ళూ. అక్కడ గొర్రెలూ ఒంటెలూ మేపుకుని బతికే బదూల డేరాలు పదో పన్నెండో ఉన్నాయి, పక్కనే నీళ్ళ ట్యాంకరూ పికప్ బళ్ళూ. ఆడవాళ్ళ డేరాలకి నేనూ, కొత్తగా చేరిన ఒక డాక్టరమ్మా. ఆ అమ్మాయిది నజ్రానే. నాకు అర్థంకాని అరబీ మాటలు తనే ఇంగ్లీషులో చెప్పేది. బీపీ చూడడం, వేలు పొడిచి షుగర్ చూడడం, రాసుకోవడం, లేచి ఇంకో డేరాకి పోవడం. ప్రతి డేరాలోనూ గహ్వా ఇచ్చారు. మా నరసాపురం కాఫీ అనుకునేరు! పాలుండవు, పంచదారుండదు, యాలకులేసి కాచిన పసుప్పచ్చ కషాయం. ఏడో డేరాకొచ్చేసరికి నా కడుపులో మంట మొదలైంది.

ఆ డేరాకి ఒక పెద్దావిడ యజమాని. భర్త పోయాక మందనీ కొడుకుల్నీ కోడళ్ళనీ ఆవిడే నడుపుతోంది. షుగర్ మిషన్‌లో అంకె చూసి ఉలిక్కిపడ్డాను. "కాలు చూపించండి ఖాలా" అన్నాను. ఇక్కడ పెద్దవాళ్ళని అలా పిలుస్తాం, మనం పిన్నిగారూ అన్నట్టు. బతిమాలగా బతిమాలగా కాలికి చుట్టిన గుడ్డ విప్పింది. బొటనవేలూ దాని పక్క వేలూ నల్లబడిపోయాయి, వాసన కూడా వస్తోంది. వెంటనే ఆస్పత్రికొస్తే వేళ్ళతో పోతుంది. ఆలస్యమైతే కాలు తీసెయ్యాలి, ఇంకా ఆలస్యమైతే మనిషే దక్కదు.

"రాను" అంది ఆవిడ. ఆవిడ భర్త ఇలాంటి కాలితోనే ఆస్పత్రికెళ్ళి, పక్కన అయినవాళ్ళెవరూ లేకుండా అక్కడే పోయాడట. నేను చెప్పాను, డాక్టరమ్మ చెప్పింది, కోడళ్ళూ చెప్పారు. వింటేగా! మా గొడవ పట్టించుకోకుండా గహ్వా పోసి నా చేతికిచ్చింది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. పోతే పోనీ, నా కాలా ఏమన్నానా అనుకున్నాను. సిగ్గుగా ఉంది గానీ నిజంగానే అనుకున్నాను. ఇంక ఆ కషాయం ఒక్క చుక్క కూడా గొంతు దిగదనిపించి, కప్పు తివాచీ మీద పెట్టేశాను.

కోడళ్ళు ఠక్కున మాటలాపేశారు. పెద్దావిడ ఆ కప్పు వంకే చూస్తూ నన్నేదో అడిగింది. డాక్టరమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

"సిస్టర్, ఎంత పని చేశారు! గహ్వా తాగకుండా కింద పెడితే, నాకొకటి కావాలి, అదిస్తేనే తాగుతాను అని అర్థం. గడపలోకొచ్చిన మనిషి తాగకుండా వెళ్ళిపోతే వీళ్ళకి తలవంపులు. నీకేం కావాలని అడుగుతున్నారు ఆవిడ."

నాకేం కావాలి! ఈ దేశం వచ్చాక ఆ మాట నన్ను అడిగిన మనిషి లేదు. రోజంతా నేనే అందర్నీ అడుగుతుంటాను. ఏడుపొచ్చినంత పనైంది. నిద్ర కావాలి తల్లీ, అనబోయాను. కడుపులో మంటండీ, అందుకే పెట్టేశాను అంటే అందరూ నవ్వేసి ఊరుకునేవారు. అనలేదు. అది మోసమేమో, ప్రభువుకే తెలియాలి.

"మీ కాలు కావాలి" అన్నాను. "ఆస్పత్రికి రండి."

ఆవిడ మొహం గంటు పెట్టుకుంది. విప్పిన గుడ్డ మళ్ళీ కాలికి చుట్టుకుంది. చివరికి, "తాగు" అంది. "వస్తాను. కానీ నా కాలు కోసే రోజున నువ్వు నా పక్కనుండాలి."

"ఉంటాను ఖాలా" అన్నాను. పేషెంట్లందరికీ చెప్పినట్టే చెప్పేసి, కళ్ళు మూసుకుని కప్పు ఖాళీ చేశాను.

మంగళవారం ఆపరేషన్. ఆ రోజే మా వార్డులో ఇద్దరు నర్సులు రాలేదు. ఒక్క అరగంట వదలమని హెడ్ నర్సుని అడిగాను. "నువ్వెళ్తే వార్డెవరు చూస్తారు?" అంది. నిజమే, ఎవరు చూస్తారు? ఎప్పట్లాగే తలూపాను.

సాయంత్రం డ్యూటీ దిగి, కాళ్ళీడ్చుకుంటూ ఆవిడ గదికి వెళ్ళాను. రెండు వేళ్ళూ తీసేశారు, కాలు నిలిచింది. కట్టుతో గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పక్కనున్న బల్ల మీద కప్పు నిండా గహ్వా. "తాగొచ్చన్నారని మధ్యాహ్నం పోసిచ్చాను" అంది కోడలు, లోగొంతుకతో. "అక్కడ పెట్టెయ్యమంది. ముట్టుకోలేదు."

ఎంతమందితో అన్నానో ఆ "ఉంటాను" అనే మాట, ఈ తొమ్మిదేళ్ళలో. వాళ్ళెవరూ నా ముందు కప్పు కింద పెట్టి అడగలేదు.

మంచం దగ్గరికెళ్ళి, ఆ డేరాలో విన్న మాటే నాకొచ్చిన అరబీలో అడిగాను. "మీకేం కావాలి ఖాలా?"

ఆవిడ ఇటు తిరిగింది. నా మొహం చూసింది, వాచిన నా పాదాలు చూసింది. తిట్టిపోస్తుందనుకున్నాను. చెయ్యెత్తి, మంచం పక్కనున్న కుర్చీ చూపించింది.

"కూర్చో బిడ్డా" అంది.

కూర్చున్నాను. అప్పుడు ఆవిడ ఆ చల్లారిన గహ్వా అందుకుని తాగింది.