వెయ్యి ఛానళ్ల రేడియో

"విమానం కంటికి కనబడుతోంది కదా, మళ్లీ చెవికి కూడా వినబడాలా?" అని పెళ్లయిన కొత్తలో భార్య మోరీన్ అడిగింది. నలభై ఏళ్లయినా నార్మన్ ఎంట్‌విసిల్‌కు జవాబు దొరకలేదు.

స్టాక్‌పోర్ట్‌లో బస్సు నడిపి రిటైరైన మనిషి. శనివారం వస్తే విమానాలు చూడ్డానికి మాంచెస్టర్ విమానాశ్రయం కంచె పక్కన మడతకుర్చీ, ఫ్లాస్కులో టీ, గుడ్డు శాండ్‌విచ్. పైలట్ల మాటలు చేతిరేడియోలో విని "వచ్చేది దుబాయ్‌ది" అని ముందే ప్రకటించడం అక్కడ ఆయన పదవి. ఆ మాట మీదే అక్కడ చేరిన మిగతా విమాన పిచ్చోళ్లు కెమెరాలు ఎత్తేవారు. చట్టప్రకారం ఆ మాటలు వినకూడదు. పోలీసు కనబడితే అందరూ రేడియోలు దాచి శాండ్‌విచ్‌లు తీసేవారు. ఆ పోలీసూ "తర్వాతది ఏది?" అని అడిగి వెళ్లిపోయేవాడు.

ఇంతలో విమానాల ఛానళ్లను మరీ సన్నగా చీల్చారు. పాత రేడియో ఆ సందుల్లో దూరలేక మూగబోయింది. నార్మన్ ఊహ మీద నెట్టుకొచ్చాడు.

"ఏరా, దుబాయ్ విమానానికి డబ్లిన్ రంగు పూశారేంటి?" అన్నాడు పక్క కుర్చీ బ్యారీ క్లెగ్. పదవికే ఎసరొచ్చింది.

ఏ కొత్త రేడియో కొనాలా అని నాలుగు నెలలు నార్మన్ పట్టికలు గీశాడు. చివరికి దుకాణంవాడు, "విమానాలకైతే ఈ చిన్నది చాలండి. తొంభై పౌండ్లు. చక్రం తిప్పుకోవడమే," అన్నాడు. తన హోదాకు తొంభై పౌండ్లదా! వెయ్యి ఛానళ్లది, మూడువందల నలభై పెట్టి తెచ్చాడు. అందులో నూట ఇరవై మోరీన్ సెలవుల కోసం బిస్కట్ డబ్బాలో దాచుకున్నవి.

శనివారం ఆ రేడియో వెయ్యి ఛానళ్లూ గాలించి, మాట వినబడ్డ చోట ఆగింది. టాక్సీ ఆఫీసు.

"ఎవర్రా ఖాళీగా ఉన్నది? చేపల కొట్టు ముందు ముసలావిడ అరగంట నుంచి నిలబడింది!"

నార్మన్ బొత్తాలన్నీ నొక్కాడు. దాన్ని ఎలా వాడాలో చెప్పే నూట పన్నెండు పేజీల పుస్తకం ఇంట్లో ఉండిపోయింది. నెత్తి మీంచి పెద్ద విమానం దిగింది. ఒక్క కెమెరా లేవలేదు.

"ముసలావిడ ఏ రన్‌వే మీద దిగుతోందో చెప్పరా," అన్నాడు బ్యారీ.

మరుసటి శనివారం తన డబ్బు ఏమైందో చూద్దామని మోరీన్ కూడా వచ్చింది. చేతిసంచిలోంచి, తను కొనుక్కొచ్చిన ఆ తొంభై పౌండ్ల రేడియోనే తీసి చక్రం తిప్పింది.

"దుబాయ్‌ది. పది మైళ్లు."

కెమెరాలన్నీ లేచాయి. దుబాయ్‌దే వచ్చింది. బ్యారీ తన కుర్చీ ఆమెకిచ్చాడు.

"కనబడుతోంది కదా, వినబడాలా?" అన్నాడు నార్మన్, నలభై ఏళ్ల కసి తీరా.

"నోరు మూసుకుని విమానాల నంబర్లు రాయి. ఇంకోటి వస్తోంది."

అప్పట్నుంచి ప్రకటన ఆమెది, నోటుపుస్తకం ఆయనది. నార్మన్ ముప్ఫై అయిదు తీర్చాడు; బిస్కట్ డబ్బాకు ఇంకా ఎనభై అయిదు పౌండ్లు బాకీ.