షెడ్డులోంచి వచ్చిన లీజులు

మా ఆయన పేరు ఆమోసు. ఊరు తెనాలి పక్కన. ఇక్కడ బ్లాంచర్డ్స్‌టౌన్‌లో ఒక మందుల ఫ్యాక్టరీలో కంప్యూటర్ల నెట్‌వర్క్ చూస్తాడు. పదకొండేళ్లయింది ఈ దేశం వచ్చి. ఈ పదకొండేళ్లలో ఆయన ఎవరికైనా కాదని చెప్పగా నేను వినలేదు. మనవాళ్లలో ఎవరింట్లో వైఫై ఆగినా శనివారం పూట బ్యాగు భుజాన వేసుకుంటాడు. వాళ్లిచ్చిన టీ తాగి, వాళ్ల అలమరాల వెనక దుమ్ములో దూరి, తుమ్ముకుంటూ ఇంటికొస్తాడు. మొహమాటం అంటారు అందరూ. నేను చేతగానితనం అంటాను, ఆయన ముందే అంటాను.

మొన్న ఫిబ్రవరిలో పక్క ఊరు లూకన్ నుంచి కొండల్ రావు ఫోన్ చేశాడు. మనవాళ్లకు పెద్దదిక్కునని తనే చెప్పుకుని తిరిగే మనిషి. అక్కడ ఒక ఇల్లు కొని గదులు గదులుగా అద్దెకిస్తాడు, తను మాత్రం వేరే కాలనీలో ఉంటాడు. ఆ ఇంట్లో వైఫై గుర్తు నిండుగా కనిపిస్తుందట గానీ సగం మందికి నెట్ రాదట. దారిలో బజారు పని ఉందని నేనూ కారెక్కాను.

హాల్లో కూర్చుని మా ఆయన ల్యాప్‌టాప్ తెరిచాడు. ఇలాంటివి ఆయన నాకు అన్నం తినేటప్పుడు చెబుతుంటాడు కాబట్టి నాకూ కొంత తెలుసు. ఫోనో కంప్యూటరో వైఫైలోకి రాగానే నాకో అడ్రెస్ ఇవ్వండి అని కేకేస్తుంది. రూటర్ ఖాళీగా ఉన్న నంబరొకటి తీసి ఇస్తుంది, ఇన్ని గంటలు వాడుకో అని గడువు పెడుతుంది. అలా గడువు పెట్టి ఇవ్వడాన్ని వాళ్ల భాషలో లీజు అంటారు. ఎవరూ ఏమీ రాయక్కర్లేదు, అంతా దానంతటదే జరిగిపోతుంది. చిక్కల్లా ఒకే ఇంట్లో రెండు రూటర్లు అడ్రెస్‌లు పంచడం మొదలుపెడితేనే. ముందు పలికినదాని మాటే చెల్లుతుంది. తప్పు రూటర్ దగ్గర అడ్రెస్ తీసుకున్న ఫోనుకు బయటికి దారి ఉండదు.

ఆ ఇంట్లో కనిపించే రూటర్ ఒకటే. అడ్రెస్‌లు మాత్రం ఇంకెక్కడినుంచో కూడా వస్తున్నాయి. మా ఆయన కొండల్ రావుకు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాడు.

"అన్నా, ఇక్కడ వెనకమాల ఎక్కడినుంచో ఇంకా లీజులు ఇస్తన్నారు. ఎంతమందికి ఇచ్చారో తెలిస్తే నాకు పని తేలికవుద్ది."

అవతల గొంతు తగ్గింది.

"ఎవలు చెప్పిన్రు నీకు?" అన్నాడు కొండల్ రావు. "లీజు గీజు ఏం లేదు తమ్మీ. షెడ్ల నలుగురే ఉన్నరు. ఎవ్వలకూ కాయితం రాసియ్యలే. కౌన్సిలోళ్లు అడిగితే మా చుట్టాలని చెప్పు."

కౌన్సిలంటే ఇక్కడి మునిసిపాలిటీ, అద్దె ఇళ్లు తనిఖీ చేసేది వాళ్లే. మా ఆయన నా మొహం చూశాడు. "నేనడిగింది రూటర్ సంగతి అన్నా," అన్నాడు.

"ఓ, గదా. పాత రూటర్ ఒకటి షెడ్ల వెట్టిన. నువ్వు ఆడికి పోకు, ఈడికెల్లే ఏదో ఒకటి చేసెయ్."

ఆ మాట విన్నాక నేను ఆగలేదు. వెనక తలుపు తీసుకుని తడి గడ్డిలో నడిచాను, మా ఆయన నా వెనకే వచ్చాడు. షెడ్డు తలుపు తీయగానే ఆరని బట్టల వాసన, బూజు వాసన కలిసి మొహాన కొట్టాయి. గడ్డి కోసే యంత్రం పెట్టుకోవడానికి కట్టిన చోట రెండంతస్తుల మంచాలు రెండు ఇరికించాడు. చెక్క గోడల మీద నల్లటి మచ్చలు. కిటికీకి అట్టముక్క. మూలన బకెట్. ఈ మనిషి చేతుల మీదుగానే పోయిన దసరాకు నేను ప్రసాదం తీసుకున్నాను.

కింది మంచం మీద కోటు వేసుకుని ఒక పిల్ల కూర్చుని ఉంది. పేరు ధరణి, కర్నూలు వైపు, ఎంఫార్మ్ చదివింది. ఎల్లుండి సోమవారం కాక ఆ పై సోమవారం ఉద్యోగంలో చేరాలి. అందుకు పీపీఎస్ నంబరు, అంటే జీతానికీ పన్నులకూ ఇక్కడి ప్రభుత్వం ఇచ్చే నంబరు, కావాలి. ఆ నంబరు ఇవ్వాలంటే ఎక్కడుంటున్నదో చూపే కాగితం కావాలి. ఆ ఆఫీసులో అపాయింట్‌మెంటు దానికి ముందు గురువారం.

"ఆరు వారాల నుంచి అడుగుతుండా అక్కా," అంది. "షెడ్డుకు అడ్రెస్సే లేదంటాడు. గట్టిగా అడిగితే బెడ్డు ఖాళీ చెయ్యమంటాడు. గురువారం కాగితం లేకపోతే ఉద్యోగం ఇంకొకరికి ఇస్తారంట."

మా ఆయన షెల్ఫు మీద ఉన్న పాత రూటర్ కిందికి దించాడు. కేబుల్‌ను తప్పు రంధ్రంలో పెట్టారు, అందుకే అది ఇంటికంతా అడ్రెస్‌లు పంచుతోంది. తీసి సరైన దాంట్లో పెట్టాడు. రెండు నిమిషాల పని. మంచం మీది ఫోను వరసగా టింగుటింగుమంది.

"నీ సంచీ సర్దుకో అమ్మా," అన్నాను నేను. మా ఇంట్లో చిన్న గది ఒకటుంది, ఇస్త్రీ బల్ల తప్ప ఏమీ ఉండదు. ఇల్లు మా పేరు మీదే ఉంది కాబట్టి ఆ రాత్రికే కాగితం రాసిచ్చాం. గురువారం వెళ్లింది, సోమవారం ఉద్యోగంలో చేరింది.

ఆ తరవాతి ఆదివారం భోజనాల దగ్గర తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో కొండల్ రావు మెసేజ్ వచ్చింది. మా ఆయనే పైకి చదివాడు. "లూకన్ల సింగిల్ బెడ్ ఖాళీ ఉంది. ఆడపిల్లలకు మాత్రమే. వైఫై సూపర్ ఫాస్ట్, ఆమోసు తమ్మి సొంతంగ సెట్ చేసిండు."

సిగ్గనేది ఏ కోశానా లేదు. కింద నలుగురు దండాలు కూడా పెట్టారు. ధరణి తల వంచుకుని అన్నం కెలుకుతోంది.

మా ఆయన చెయ్యి కడుక్కొచ్చి, ధరణి దగ్గర నంబర్లు తీసుకుని, ముందు షెడ్డులో మిగిలిన ముగ్గురికీ ఫోన్ చేశాడు. ఇద్దరు కంప్లైంట్ ఇవ్వమన్నారు, ఒకామె షెడ్డు మూయిస్తే ఎక్కడికి పోవాలని ఏడ్చింది. వేరే గది దొరికే దాకా మా హాల్లో ఉండవచ్చని ఆమెకు నేనే చెప్పాను. అప్పుడు కౌన్సిల్ వాళ్ల ఫారం తెరిచాడు. ఫిర్యాదు చేసేవారి పేరు ఇవ్వడం మీ ఇష్టం అని ఉంది అందులో. ఆయన పూర్తి పేరు, ఇంటి అడ్రెస్, ఫోన్ నంబరు అన్నీ కొట్టాడు.

"పేరెందుకు? రేపటినుంచి ఊరంతా మన మీద చెప్పుకు తిరుగుతాడు," అన్నాను.

"ఉండనీయ్ విమలా," అన్నాడు. "ఆ షెడ్డులో వైఫై నేనే బాగుచేశా."