వైన్ కూలర్ తాళంచెవి

అడగకముందే ఎరిగినవాడు, ఇరుకులో చిక్కుకున్నవాడి పక్కన వచ్చి కూర్చునేవాడు అయిన దేవునికి స్తోత్రం. కాలువల నిండా నీళ్లిచ్చి, ఈ లంకల్లో మాలాంటివాళ్లకు కూడా తన బల్ల దగ్గర చోటిచ్చిన తండ్రికే మహిమ. ఆయన నన్ను ఒక చిన్న తాళంచెవి దగ్గర పట్టుకున్నాడు. అది చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముమ్మిడివరం దగ్గర నాకు ఫ్రిజ్‌లు బాగుచేసే షాపు ఉండేది. యానాం వంతెన మీద బస్సులు తిరగడం మొదలైన కొత్త రోజులవి. అంతకు కొన్నేళ్ల ముందు నేను బాప్తిస్మం తీసుకున్నాను. అప్పటిదాకా నేనూ తాగినవాడినే, పంటు మీద ఏరు దాటి, మందు చవకని యానాం వెళ్లి మరీ తాగినవాడిని. బాప్తిస్మం రోజున మా సంఘ పెద్ద నన్ను తడిబట్టలతో కాలువ గట్టు మీద నిలబెట్టి అందరి ముందు నాలుగు మాటలు పలికించారు. మందు తాగను, పొయ్యను, అమ్మను, దాచను. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. సంఘంలో చేరినవాళ్లందరిచేతా అవే మాటలు పలికించేవారు.

మా ఆరాధనలో ప్రభువు బల్ల ద్రాక్షరసం గిన్నె ఒక్కటే. చేతిలోంచి చేతిలోకి సాగుతుంది. ఆ నాలుగింటిలో ఏదైనా తప్పినవాడు తాగకుండా పక్కవాడికి అందించాలి. ఎవరూ ఏమీ అనరు. కాని అందరూ చూస్తారు.

మా షాపుకి రెండు మైళ్ల దూరంలో రొయ్యల చెరువులున్న పెద్ద రైతుగారు ఒకాయన ఉండేవారు. రొయ్యలు కొనే కంపెనీలవాళ్లు ఎక్కడెక్కడినుంచో ఆయన ఇంటికి వచ్చేవారు. ఒకసారి వాళ్లకు ఖరీదైన వైన్ పోయించారట. ఆ సీసా ఇంట్లో ఫ్రిజ్‌లో చేపల పులుసు పక్కన ఉన్నది. అతిథి ఒకాయన వాసన చూసి, నవ్వి, గ్లాసు కింద పెట్టేశాడు. ఆ నవ్వు రైతుగారి మనసులో ముల్లులా ఉండిపోయింది. నన్ను పిలిపించి, వైన్‌కి వేరే మెషీన్ ఉంటుందట, ఏది కొనాలో నువ్వే చూడు అన్నారు.

ఇద్దరం విశాఖపట్నం వెళ్లాం. షాపులో రెండు రకాలున్నాయి. ఒకటి కంప్రెసర్ లేనిది. చప్పుడు చెయ్యదు, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. రైతుగారికి అదే నచ్చింది. కాని అది గదిలో ఉన్న వేడికంటే కొన్ని డిగ్రీలే చల్లబరచగలదు. మే నెలలో మా వైపు గోడలే కాలిపోతుంటే అది చేసేదేమీ లేదని చెప్పి కంప్రెసర్ ఉన్నది తీయించాను. తలుపుకి రెండు పొరల అద్దం ఉందో లేదో చూశాను. సీసాలు పడుకోబెట్టే చెక్క అరలు ఉండాలన్నాను. నిలబెడితే బిరడా ఎండి, సందులోంచి గాలి దూరి, లోపలిది పాడవుతుందని ఆ మెషీన్ పుస్తకంలో చదివి తెలుసుకున్నాను.

అందరికీ కనబడేలా ముందు హాల్లో పెట్టాలని ఆయన కోరిక. ఆ హాలుకి పడమటి ఎండ. బతిమాలి లోపలి గదిలోకి మార్పించాను. వెనక జానెడు ఖాళీ వదిలి, స్టెబిలైజర్ బిగించి, పన్నెండు డిగ్రీల దగ్గర పెట్టి వచ్చాను. ఇందులో తప్పేముందనుకున్నాను. నేను అమర్చింది చల్లదనమే కదా.

పది రోజుల తరవాత ఎలా నడుస్తోందో చూద్దామని వెళ్లేసరికి సగం అరలు ఖాళీ. బావమరుదులు, డ్రైవరు, ఎవరికి దొరికింది వాళ్లు తాగేశారు. కొన్ని ఆయనే తాగారని తరవాత తెలిసింది. రైతుగారు కూలర్ తలుపుకి తాళం వేసి, ఆ తాళంచెవి అందరి ముందు నా అరచేతిలో పెట్టారు.

"ఇది నీ దగ్గరుంచవయ్యా. ఈ చుట్టుపక్కల తాగని మగాడివి నువ్వొక్కడివే."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. దాచడమెందుకు, గర్వంగా కూడా అనిపించింది. నా సాక్ష్యం ఆ ఇంటిదాకా వెళ్లిందనుకున్నాను. "ఆయ్, అలాగేనండి" అని జేబులో వేసుకున్నాను. సైకిలెక్కి కాలువ గట్టుకి వచ్చాక గాని నాలుగో మాట గుర్తురాలేదు. దాచను.

అక్కణ్ణుంచి నా కాలు నాది కాకుండా పోయింది. అతిథులొస్తే డ్రైవరు మోటారుసైకిలు మీద షాపుకి వచ్చేవాడు. తాళం వాడి చేతికివ్వకూడదని ఆజ్ఞ. అందుకని నేనే వెళ్లి, తలుపు తీసి, సీసా బయటపెట్టి, మిగిలింది లోపల పెట్టించి, మళ్లీ తాళం వేసి రావాలి. పోసేది నేను కాదుగా అని నాకు నేను చెప్పుకునేవాడిని. బైబిల్లో రాజుకి ద్రాక్షారసం గిన్నె అందించిన సేవకుడొకాయన ఉన్నాడు, ప్రార్థనాపరుడు. ఆయన్ని తలుచుకుని సర్దుకుందామని చూశాను. కాని ఆయన పాడైపోయిన తన పట్టణం కోసం ఏడ్చాడు. నేను ఎవరికోసం ఏడుస్తున్నాను?

"ఏంటండి, మా అయ్యగారి వైన్‌షాపు వేలంలో మీరే పాడుకున్నారంట" అనేవాడు డ్రైవరు, దారి పొడుగునా.

ఆ నెలలోనే ఒక ఆదివారం గిన్నె నా దగ్గరికి వచ్చినప్పుడు, నా చెయ్యి దాన్ని పెదవులదాకా ఎత్తలేకపోయింది. పక్కాయనకి అందించేశాను. ఆడవాళ్ల వైపునుంచి నా భార్య చూసింది. ఇంటికొచ్చాక అంతా చెప్పాను. ఇచ్చేసి రాకూడదా అంది. అంత చిన్నమాట నాకెందుకు తోచలేదో మరి.

మర్నాడే వెళ్లాను. రైతుగారు చెరువుల మీదికి వెళ్లారు. ఆయన భార్య వరండాలో బియ్యం చెరుగుతున్నారు. తాళంచెవి అరుగు మీద పెట్టి, సంఘంలో మా నియమం ఇదండి అని చెప్పాను. ఆవిడ చేట పక్కన పెట్టారు. కాకినాడలో డాక్టరు ఆయనకి కాలేయం పాడైందని, తాగితే దక్కరని చెప్పాడట. రైతుగారు ఆవిడతో బేరమాడి రోజుకి ఒక్క గ్లాసు అని ఒప్పించుకున్నారట. ఇక ఎక్కడా తాగనని, ఈ కూలర్లోది తప్ప ముట్టనని పిల్లల మీద ఒట్టేశారట.

"అతిథులని మీకు చెబుతారు గాని చాలాసార్లు ఆయనకేనండి. మిమ్మల్ని పిలిపించి, మీరు చేతిలో పని ముగించుకుని వచ్చేసరికి గంట పడుతుందండి. సగం సార్లు ఆ గంటలో ఆయన నిద్రపోతారు. ఆ గంటే నాకు ఆయన్ని మిగిల్చింది. ఇప్పుడు ఈ తాళం ఎవరి చేతికిచ్చి వెళతారో మీరే చెప్పండి."

నేను తాళంచెవి తీసి మళ్లీ జేబులో వేసుకున్నాను.

వర్షాకాలం వచ్చింది. మా వైపు ఆ రోజుల్లో గాలిలోనే నీళ్లుంటాయి. కూలర్ కింద చెమ్మ చేరింది. తలుపు రబ్బరు మీద అనుమానమొచ్చి, జేబులో ఉన్న సువార్త కరపత్రం తలుపు సందులో పెట్టి మూసి లాగాను. తలుపు సరిగ్గా పట్టుకుంటే కాగితం బిగుసుకోవాలి. అది జారి చేతిలోకి వచ్చేసింది. రబ్బరు ఒక మూల చిట్లింది. అలా వదిలేస్తే కంప్రెసర్ ఆగకుండా తిరిగి తిరిగి ఏదో ఒకరోజు కాలిపోతుంది. తాళం సంగతి దానంతటదే తీరిపోతుంది. చాలాసేపు మోకాళ్ల మీద కూర్చుని ఆ చీలికనే చూశాను. కాని మెషీన్ పోతే ఆ ఒట్టూ పోతుంది. పైగా నా చేతులకి పని పాడుచెయ్యడం తెలియదు. కొత్త రబ్బరు తెచ్చి వేశాను. వెనక తీగల మీద దుమ్ము కుంచెతో దులిపి, కింద ట్రేలో నీళ్లు పారబోసి వచ్చాను.

అలా అయిదు నెలలు గిన్నె నన్ను దాటుకుంటూ వెళ్లింది. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగితే బాగుండుననిపించేది.

ఒక ఆదివారం గిన్నె ఇంకా చేతులు మారుతుండగానే డ్రైవరు మందిరం గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చెప్పులు విప్పి, చేతులు కట్టుకుని, వాడికి తెలిసిన మర్యాదంతా చూపిస్తూనే అన్నాడు.

"మెకానిక్కు గారండి, అతిథులొచ్చారంట. వైన్ తాళం పట్టుకుని రమ్మన్నారండి."

చాపల మీద కూర్చున్నవాళ్లందరూ నావైపు తిరిగారు. సంఘ పెద్ద కళ్లు తెరవలేదు. గిన్నె చివరిదాకా వెళ్లనిచ్చి, ప్రార్థన ముగించి, నన్ను పక్కకి పిలిచారు. మొదటినుంచీ చెప్పాను. ఆ ఇల్లాలు చెప్పింది కూడా చెప్పాను. రైతుగారు ఎనిమిదో తరగతిలో తన దగ్గరే చదువుకున్నాడని మాత్రం అన్నారాయన. తరవాత చెయ్యి చాపారు.

"తాళం ఇలా ఇయ్యి తమ్ముడూ. నేనూ తాగనుగా."

"నియమం ఉంది కదండి" అన్నాను.

"పెట్టింది నేనే కదా. నాకు తెలీదా?"

డ్రైవరు వెనక మోటారుసైకిలు ఎక్కి, పంచె సర్దుకుని వెళ్లారు. ఆ మరుసటి ఆదివారం గిన్నె మొదట ఆయన చేతికే వచ్చింది. ఎప్పటిలా కృతజ్ఞత చెప్పారు. తాగకుండా పక్కన కూర్చున్న నాకు అందించారు. నేను తాగాను. అయిదు నెలలు దేనికోసం ఆశపడ్డానో అదే గుక్క. ఆయన వైపు చూడకుండా గిన్నె పక్కాయనకి అందించాను.

రెండేళ్లు అలాగే సాగింది. తరవాత తరవాత డ్రైవరు నా షాపు ముందు ఆగి చెప్పేవాడు, మాస్టారు ఎదురుగా నిలబడితే అయ్యగారు రెండో గ్లాసు అడగలేకపోతున్నారని, ఒక్కోరోజు అసలు మాస్టారినే పిలవొద్దంటున్నారని. మెషీన్ చూడ్డానికి నేను వెళుతూనే ఉండేవాడిని. నేను పనిచేస్తుంటే తలుపు తీసి పెట్టి, ముసలాయన స్టూలు మీద కూర్చుని ఉండేవారు. ఆదివారం మాత్రం ఆయన తాగని గిన్నెలోంచే నేను తాగేవాడిని.

తరవాత మాస్టారి కళ్లకి పొర కమ్మింది. బండెక్కలేకపోయారు. నేను చూడ్డానికి వెళ్లినప్పుడు తాళంచెవి దారంతో మంచం కోడుకి కట్టి ఉంది. నన్ను తీసుకోమని ఆయన అనలేదు. నేనే ముడి విప్పాను.

ఆ ఆదివారం గిన్నె నా చేతికొచ్చింది. పక్కాయనకి అందించాను. ఆడవాళ్ల వైపు నా భార్య ముసుగు సర్దుకుని తలవంచింది.

ఆ కూలర్‌కి ఇప్పటికి రెండుసార్లు గ్యాస్ ఎక్కించాను. రైతుగారు బతికే ఉన్నారు. తాళంచెవి, ఇది రాస్తున్నప్పుడు కూడా, నా చొక్కా జేబులోనే ఉంది. నేను చేస్తున్నది విధేయతో, తప్పో నాకు తెలియదు. ఎరిగినవాడొక్కడున్నాడు. అందుకని చదివిన మీరు ఈ కాగితం పక్కన పెట్టి, ఒక్క నిమిషం నాతోపాటు తలవంచండి. తండ్రీ, ఇంకొకరి ప్రాణం కోసం తాళం పట్టుకుని నీ బల్ల దగ్గర ఆకలితో కూర్చున్నవాళ్లను మరిచిపోకు. మా చేతులు తెరిచే రోజు నీదే. ఆ రోజుదాకా మా వేళ్లకు బలమియ్యి. మీరూ నాతో అనండి, ఆమేన్.